కుదురు

మా భోజనాల బల్లని నర్సీపట్నంలో పాత సామాన్ల దుకాణంలో కొన్నాం. కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు దాకా ట్రాలీ ఆటోలో వచ్చింది. దింపి, తడిగుడ్డతో తుడిస్తే పైచెక్క మీద తెల్లటి వలయాలు బయటపడ్డాయి. ఎవరో, ఎప్పుడో, పొయ్యి మీంచి తీసిన గిన్నెల్ని అలాగే దింపేశారు. ఒకటి పెద్దది, అన్నం గిన్నెది అయ్యుంటుంది. పక్కన చిన్నవి నాలుగు. వాటిని చూడగానే నా నోటివెంట వచ్చిన మాట, "అయ్యో, కుదురు వెయ్యలేదే" అని.

ఆ మాట నేను వాడి ముప్ఫై ఏళ్లయినా అయ్యుంటుంది. నరసాపురం దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో గిన్నె నేల మీద నేరుగా కూర్చునేది కాదు. వరిగడ్డి పేని చుట్టిన చుట్టకుదురు ముందు పడేది, ఆ తర్వాతే దాని మీద కుండ. అడుగు గుండ్రంగా ఉండే కుండకి అది లేకపోతే నిలకడ ఎక్కడిది? తెలుగులో ఈ చిన్నమాట ఎంత దూరం నడిచిందో తల్చుకుంటే నాకు ముచ్చటేస్తుంది. కుండ కింద వేసే చుట్ట కుదురు. నీళ్లు నిలవడానికి మొక్క మొదట్లో చేసే పాదూ కుదురే. పిల్ల ఒకచోట కూర్చుని పని చేసుకుంటే కుదురైన పిల్ల. పెళ్లి సంబంధం కుదురుతుంది. జ్వరం తగ్గిన ఒళ్లు కుదుటపడుతుంది. కింద ఉండి, కనపడకుండా, పైదాన్ని నిలబెట్టేదేదో ఈ మాటలన్నిటి అడుగునా ఉంది.

ఆ బల్లకి నాలుగు కుదుళ్లు కావాలి, నాలుగు కంచాలకి నాలుగు. ప్లాస్టిక్ మ్యాట్లు నర్సీపట్నం బజార్లో ఎన్ని రంగుల్లో కావాలంటే అన్ని రంగుల్లో దొరుకుతాయి. నేను మాత్రం తెల్లదారం ఉండలు, ఒక లేసు సూది కొనుక్కుని వచ్చాను. ఎందుకని మా ఆయన అడిగారు. మా అమ్మమ్మ నలభై ఏళ్లకి పైగా లేసు అల్లింది, ఆవిడ చేతి లేసు మా ఇళ్లలో ఎవరింట్లోనూ లేదు అని చెప్పాను. అంతకంటే జవాబు నా దగ్గర లేదు. ఇదంతా రాస్తున్నది కూడా ఆ జవాబు విడమరిచి చెప్పుకుందామనే.

మా వైపు ఊళ్లలో పుట్టినవాళ్లకి ఈ బొమ్మ కొత్తది కాదు. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక, గిన్నెలు తోమి బోర్లించాక, అరుగుల మీదికి ఆడవాళ్లు చేరతారు. ఒళ్లో తెల్లగుడ్డ, గుడ్డలో దారం ఉండ, కుడిచేతిలో సన్నటి కొక్కెం సూది. మాటలు సాగుతూనే ఉంటాయి, చూపు ఎదటి మనిషి మీదే ఉంటుంది, వేళ్లు మాత్రం వాటి మానాన అవి తిరుగుతుంటాయి. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు, గోదావరి దాటితే రాజోలు, ఎక్కడికి వెళ్లినా ఇదే. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఈ పని మన ఆడవాళ్లకి నేర్పారని చెప్పుకుంటారు. గోదావరికి ఎగువన మన్యంలో ఉన్న దుమ్ముగూడెం పేరు, దిగువన సముద్రం దగ్గరున్న నరసాపురం పేరు ఆ కథలో జంటగా వినిపిస్తాయి. దాదాపు అవే రోజుల్లో, 1845లో మొదలైన బంగాళదుంపల కరువులో ఐర్లండు ఆడవాళ్లు కూడా ఇదే సూది పట్టుకుని పిల్లల్ని బతికించుకున్నారు. లేసు అంటే దొరల ఇళ్ల సోకు అనుకుంటాం. అల్లిన చేతుల వైపు నుంచి చూస్తే దాని చరిత్రలో సోకు కంటే ఆకలే ఎక్కువ.

అమ్మమ్మకి దారం ఏజెంటు తెచ్చి ఇచ్చేవాడు. అల్లినవి అతనే పట్టుకెళ్లేవాడు. కూలి దారం లెక్కన. పనిలో రెండు రకాలుండేవి. చేతిపని అంటే విడివిడిగా పువ్వులు, చక్రాలు అల్లడం. అతుకుపని అంటే ఆ విడి పువ్వుల్ని కలిపి బల్లగుడ్డో, దుప్పటో, దిండు గలేబో చెయ్యడం. చేతిపని చేసే ఇల్లు ఒకటి, అతుకుపని చేసే ఇల్లు మరొకటి. మా అమ్మమ్మది చేతిపని. వేల పువ్వులు అల్లింది. అవన్నీ కలిసి ఏమయ్యాయో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకున్నాయో ఆవిడకి తెలియదు. చిన్నప్పుడు నేను "ఇది ఏమవుతుంది అమ్మమ్మా?" అని అడిగితే "ఏదో అవుద్దిలేవే" అనేది. ఆ జవాబు అప్పుడు విసుగనిపించింది. నిజంగా తెలియకే అలా అందని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఈ సంగతిని శ్రద్ధగా విన్న బయటి మనిషి మరియా మీస్. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త. 1970ల చివర్లో నరసాపురం వైపు వచ్చి, లేసు అల్లేవాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల రోజుని గంటలు గంటలుగా లెక్కకట్టింది. 1982లో పుస్తకం వేసింది, "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్". 2023లో ఆవిడ కన్నుమూసింది. ఆ పుస్తకం సారం నాకు అర్థమైనంత వరకు ఇది: ఈ ఆడవాళ్లు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారు, అల్లినది విదేశాలకి పోతోంది, డబ్బు వస్తోంది, అయినా ఎవరూ వీళ్లని పనివాళ్లు అనడం లేదు. ఇంట్లో ఉండే ఆడవాళ్లు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు, అంతే. పనిని పని అనకపోతే దానికి కూలి కూడా పూర్తిగా ఇవ్వనక్కర్లేదు. మా ఇంట్లోనూ ఆ మాటే నడిచింది. "మీ అమ్మమ్మ ఏం చేస్తుంది?" అని బళ్లో అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అని నేనే చెప్పాను. ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

తీరిక అన్నమాటని విప్పి చూడండి. తీరడంలోంచి పుట్టింది. పని తీరితే మిగిలేది తీరిక. అమ్మమ్మకి పని ఎప్పుడు తీరింది? తెల్లవారి పాలు పితకడం, కళ్లాపి, వంట, మధ్యాహ్నం లేసు, సాయంత్రం మళ్లీ వంట, రాత్రి లాంతరు పక్కన మళ్లీ లేసు. ఒక పని నుంచి మరో పనికి ఒళ్లు మార్చడాన్ని మనం తీరిక అని పిలిచాం. ఇప్పుడు అలాంటి సూదే నా చేతిలో ఉంది. నేను లెక్కల టీచర్ని, నెల తిరిగితే జీతం వస్తుంది, ఆదివారం మధ్యాహ్నం నా పని నిజంగానే తీరుతుంది. నాది తీరిక. అలాంటి సూదే, అలాంటి దారమే, అదే వేళ్ల కదలిక. ఆవిడదీ నాదీ ఒకే పని కాదు.

అల్లిక సంగతికొస్తాను. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి గుండ్రంగా అల్లడం నన్ను పట్టుకుని వదల్లేదు.

ఆరు చైన్లు వేసి, మొదటిదానికి చివరిదాన్ని కలిపితే చిన్న ఉంగరం వస్తుంది. ఆ ఉంగరంలో పన్నెండు ట్రెబుళ్లు. ట్రెబుల్ అంటే నిలువు కుట్టు. సూదికి ఒక చుట్టు దారం వేసి, కింది కుట్టులో గుచ్చి, మూడుసార్లు లాగితే ఒకటి నిలబడుతుంది. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి, మొత్తం ఇరవై నాలుగు. మూడో చుట్టులో ఒకదాంట్లో రెండు, పక్కదాంట్లో ఒకటి, అలా ముప్ఫై ఆరు. నాలుగులో నలభై ఎనిమిది. అంటే ఎంత పెద్దదైనా చుట్టుకి పన్నెండు చొప్పునే పెంచాలి. పదో చుట్టు అయినా పన్నెండే, ఇరవయ్యో చుట్టు అయినా పన్నెండే.

నా మొదటి ప్రయత్నంలో ఐదో చుట్టు నుంచి పెంచడం మరిచిపోయాను. మూడు చుట్లు అయ్యేసరికి అంచులు పైకి లేచి దొన్నె అయి కూర్చుంది. విప్పేశాను. రెండోసారి దొన్నె అవుతుందన్న భయంతో ప్రతి చుట్టులోనూ ఇరవై, ఇరవై ఐదు పెంచాను. ఈసారి అంచు నిలవలేక అలలు అలలుగా మడతపడింది, అచ్చం కోడిజుట్టు పువ్వు. అదీ విప్పాను. మూడోసారి లెక్కకి కట్టుబడితే చదునుగా, బల్లకి అతుక్కుని, కదలకుండా కూర్చుంది.

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. ఒక్కో చుట్టుకి వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. అప్పుడు చుట్టుకొలత ఆ ఎత్తుకి రెండు పైల రెట్లు, అంటే 6.28 రెట్లు పెరగాలి. నా దారంతో ట్రెబుల్ ఎత్తు దాని వెడల్పుకి రెట్టింపు ఉంది. కాబట్టి చుట్టుకి పన్నెండున్నర కుట్లు పెరగాలి. అరకుట్టు వెయ్యలేం, పన్నెండు వేస్తాం. మిగిలిన కాస్తని నూలుదారం సాగి సర్దుకుంటుంది. పొట్టి కుట్టు అయితే పన్నెండుకి బదులు ఆరు. బోర్డు మీద పై గుర్తు రాసి పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. అది వేళ్ల మధ్య ఇలా తగులుతుందని ఏనాడూ అనుకోలేదు. మర్నాడు ఆ మూడు రకాల అల్లికలనూ చిన్నవిగా చేసి క్లాసుకి పట్టుకెళ్లాను. దొన్నె, చక్రం, కోడిజుట్టు. పిల్లలు వాటిని చేతుల్లోకి తీసుకుని వదల్లేదు.

ఆ కోడిజుట్టు అంచు వెనక పెద్ద గణితమే ఉంది. ఒక గీతకి బయటి బిందువు గుండా ఆ గీతని తాకకుండా ఎన్నో గీతలు పోగల విచిత్రమైన తలం ఒకటుంది. గణితజ్ఞులు దాన్ని ఊహించగలిగారు కానీ చేతికి ఇచ్చి చూపించడానికి చాలాకాలం తిప్పలు పడ్డారు. కాగితం ముక్కలు అంటించి చేసినవి చిరిగిపోయేవి. లాత్వియా నుంచి అమెరికాకి వచ్చి కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్న డైనా టైమిన్యా 1997లో క్రోషే సూది తీసుకుని, ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోయి, ఆ తలాన్ని అల్లేసింది. చిన్నప్పుడు ఇంట్లో నేర్చుకున్న పని ఆవిడకి అక్కడ అక్కరకొచ్చింది. ఇది చదివినప్పుడు నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. ఎక్కడ ఎన్ని పెంచితే చదును, ఎక్కడ ఎన్ని పెంచితే కుచ్చు, ఇదంతా ఆవిడకి వేళ్లలో ఉండేది. పై అనే మాట వినకుండానే నలభై ఏళ్లు పైతో కాపురం చేసింది.

ఇంకొకటి కూడా ఈ పనిలో పడ్డాకే తెలిసింది. ఊలు స్వెట్టరు మిషను అల్లుతుంది, జరీ అంచు మిషను వేస్తుంది. సూదితో, ఒక కుట్టులోంచి మరో కుట్టు లాగే అసలైన క్రోషేని బజారుకి సరిపడా అల్లే మిషను ఇప్పటికీ లేదు. మిషను మీద చేసేవి దాన్ని పోలి ఉంటాయి, అంతే. అంటే ఎక్కడైనా, ఏ పెద్ద దుకాణంలోనైనా, ఎంత తక్కువ ధర చీటీ అంటించి ఉన్నా, అసలు క్రోషే ముక్క కనపడిందంటే దాని వెనక ఒక మనిషి కూర్చుని ఉంది. అంత తక్కువ ధర చూసినప్పుడు ఆ మనిషికి ఎంత ముట్టి ఉంటుందో లెక్క వేసుకోకుండా ఉండలేను.

నేను అల్లుతున్నానని తెలిసి మా అమ్మ పాలకొల్లు నుంచి వస్తూ ఒక కాఫీపొడి డబ్బా తెచ్చింది. అందులో అమ్మమ్మ సూది, దానితోపాటు ఒక పువ్వు. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది. ఏజెంటుకి ఇవ్వకుండా ఎలా మిగిలిందో అమ్మకీ తెలియదు. మొదట్లో నాకు వచ్చిన ఆలోచన, ఆ పువ్వునే మధ్యలో పెట్టి చుట్టూ నా చుట్లు అల్లుకుంటూ పోదామని. కుదర్లేదు. ఆవిడ దారం తలవెంట్రుకంత సన్నం, నాది దానికి ఎన్నో రెట్లు లావు. రెండో చుట్టుకే పువ్వు ముడుచుకుపోయింది. జాగ్రత్తగా విప్పి, పువ్వుని కిటికీ వెలుగులో పెట్టి, గుండుసూది మొనతో కుట్లు లెక్కపెట్టాను. ఉంగరంలో పన్నెండు. పై వరసలో ఇరవై నాలుగు. దాని మీద ఆరు రేకలు, రేకకి ఆరు కుట్లు, ముప్ఫై ఆరు. ఎక్కడా ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. నేను కాగితం మీద రాత్రంతా కుస్తీ పట్టి తేల్చిన లెక్క ఆ పువ్వులో ఎప్పటి నుంచో ఉంది. పువ్వుని తిరిగి డబ్బాలో పెట్టేశాను. లెక్కని మాత్రం తీసుకున్నాను.

మా వాకిటికి ఎదురింటి పిన్ని అడ్డాకుల విస్తళ్లు కుడుతుంది. అడవిలోంచి మోపు కట్టి తెచ్చుకున్న ఆకుల్ని మధ్యాహ్నం పూట ముందేసుకుని, ఆకు అంచు మీద ఆకు అంచు ఎక్కించి, సన్నటి వెదురుపుల్ల గుచ్చి, తిప్పుతూ, మళ్లీ ఆకు ఎక్కించి, మళ్లీ గుచ్చి, చూస్తుండగానే గుండ్రటి విస్తరి చేసేస్తుంది. కుట్టినవాటిని దొంతి పెట్టి పైన రాయి పెడుతుంది, ఆరేలోగా ముడుచుకోకుండా. నేను లేసు పట్టుకుని వాకిట్లో కూర్చున్న మొదటిరోజు అటు నుంచి ఆవిడ చూపు, ఇటు నుంచి నా చూపు. కాసేపటికి తనే లేచి వచ్చింది.

"ఏటమ్మా అది టీచరమ్మా, టోపీయా?"

"కాదు పిన్నీ, కంచం కింద వేసుకునేది."

"కంచం కిందకా? కంచంలో తినడానికి కింద ఇదెందుకు?"

కుదురు అని చెప్పాను. ఆ మాటతో ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. మెట్టు మీద కూర్చుని, అల్లికని అరచేతిలో పెట్టుకుని, వేలితో చుట్టూ నిమిరింది. తర్వాత తిరగేసి వెనకవైపు చూసింది. పనితనం తెలిసినవాళ్లు ముందు వెనకవైపే చూస్తారు. "పన్నెండు మూలలు వచ్చేయి చూడు" అంది. నిజమే. పెంపు కుట్టు ప్రతి చుట్టులోనూ ఒకే వరసలో పడటంతో నా చక్రం పన్నెండు పలకలుగా తయారైంది. నాకు కనపడలేదు, ఆవిడకి కనపడింది. విస్తట్లో కూడా అతుకు మీద అతుకు పడితే అక్కడ బిగుసుకుపోతుందట, అందుకని కాస్త జరిపి గుచ్చుతుందట. ఆ రాత్రి ఎనిమిది చుట్లు విప్పేసి, పెంపుల్ని చుట్టు చుట్టుకీ పక్కకి జరుపుతూ మళ్లీ అల్లాను. మూలలు పోయి గుండ్రదనం వచ్చింది. అమ్మమ్మ తర్వాత ఈ పనిలో నాకు గురువు ఎదురింటి పిన్నే.

కొయ్యూరు పేరు చెప్పగానే బయటివాళ్లకి గుర్తొచ్చేది 1924 మే 7. మంప దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజుని ఇక్కడికి తెచ్చి చెట్టుకి కట్టి కాల్చారు. ఆయన పెద్దల ఊరు మోగల్లు మా పశ్చిమగోదావరిలోనే ఉంది. నాకు ఇక్కడికి బదిలీ ఉత్తర్వు వచ్చినరోజు మా నాన్న "రాజుగారు వెళ్లిన వైపే వెళ్తున్నావమ్మా" అన్నారు. రాజుగారి పోరాటాన్ని తుపాకుల కథగానే నేర్చుకున్నాం, పిల్లలకీ అలాగే చెబుతున్నాం. ఇక్కడ ఉంటూ చదువుకుంటే దాని కింద ఉన్నవి మరీ రోజువారీ సంగతులని తెలుస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకి, అడవిలో కాసినదీ పూసినదీ ఏరుకోవడానికీ వచ్చిపడ్డ అడ్డంకులు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన రోడ్డులో గిరిజనుల చేత చాకిరీ చేయించుకుని న్యాయంగా ఇవ్వాల్సిన కూలి ఇవ్వకపోవడం. ఆకు ఎవరిది, చెయ్యి ఎవరిది, చేసిన పనికి విలువ కట్టేది ఎవరు? వందేళ్ల కిందటి ఆ ప్రశ్నలు పిన్ని ముందున్న అడ్డాకుల మోపు పక్కనే కూర్చుని ఉన్నాయనిపిస్తుంది నాకు.

పిన్ని కూడా పగలంతా వేరే పనుల్లో ఉంటుంది. జీడిమామిడి రోజుల్లో తోటకి పోతుంది, వర్షాల్లో పొలానికి. విస్తళ్లు కుట్టేది "ఖాళీ" ఉన్నప్పుడు. ఆ మాట వినగానే నా చేతిలో సూది ఆగింది. గోదావరి ఒడ్డున తీరిక అన్నది ఇక్కడ ఖాళీ అయింది. ఒకరోజు తనే అడిగింది, మీ వైపు ఇలాంటివి అల్లితే ఎంత ఇస్తారని. తెలిసింది చెప్పాను. విస్తళ్ల కట్టకి సంతలో తనకి వచ్చేది ఎంతో ఆవిడ చెప్పింది. ఇద్దరం కొంతసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నరసాపురం పక్కనే రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది. అక్కడ ఆడవాళ్లు ఒకచోట కూర్చుని అల్లుతారు, తమ సరుకు పూర్తయి ఏ రూపం దాల్చిందో కళ్లారా చూస్తారు. నాకు ఈ రెండో సంగతే ఎక్కువ సంతోషం. పేరు వచ్చినందుకు గర్వంగానే ఉంది. ఆ పేరు వల్ల కూలి పెరిగితే, ఆ గర్వం అరుగు మీద కూర్చున్న మనిషి దాకా చేరుతుంది. చేరాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇరవై చుట్లు పూర్తయ్యేసరికి చివరి చుట్టులో రెండువందల నలభై కుట్లు. అన్నీ కలిపితే రెండువేల ఐదువందల ఇరవై. అడ్డంగా పన్నెండున్నర అంగుళాలు. చుట్టూ చిన్న చిన్న గవ్వల్లా అంచు అల్లితే పద్నాలుగు. మా స్టీలు కంచం పన్నెండు అంగుళాలు, అంచు చుట్టూ ఒక అంగుళం లేసు కనపడుతుంది.

అల్లడం అయిపోయినంత మాత్రాన పని అయిపోదు. ఉతికి, గంజి పెట్టాలి. ఆరోజు అన్నం వార్చి, గంజి వడకట్టి, కాస్త పల్చన చేసి అందులో ముంచాను. తెల్లగుడ్డ పరిచిన చెక్క మీద వేసి, మధ్య నుంచి అంచుదాకా చేత్తో సర్ది, గవ్వ గవ్వకీ గుండుసూది గుచ్చాను. కొయ్యూరులో జులై నెల, కొండల మీంచి ముసురు వదలదు, ఆరడానికి రెండు రోజులు పట్టింది. సూదులు తీస్తే అప్పడంలా పెళపెళలాడుతూ లేచింది. దాంట్లో అన్నం వాసన ఉంది. అన్నం కంచం కింద వేసేదానికి బలం కూడా అన్నం నుంచే వచ్చింది. ఆ మాట మా ఆయనతో అంటే ఆయన మ్యాట్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అవునన్నారు.

నాలుగూ పూర్తయ్యాయి. బల్ల మీద పాత వలయాల మీద కొత్త చక్రాలు పరిచాను. ఆ పూట ముద్దపప్పు, ముక్కల పులుసు. పదకొండేళ్ల మా అబ్బాయి గరిటె ఎత్తి పులుసు వంపుకుంటుంటే ఒక ధార కంచం దాటి లేసు మీద పడింది. పసుపుపచ్చగా, తెల్ల అంచు మీద, అరచేయంత మచ్చ. నా గుండె ఒక్కసారి ఆగింది. ఆ భయం నాది కాదు. చెయ్యి కడుక్కోకుండా దారం ముట్టుకున్నానని ఆరేళ్ల నా చేతి మీద కొట్టి, ఆ వెంటనే దగ్గరికి తీసుకుని ఏడ్చిన అమ్మమ్మది. మరకపడ్డ ముక్కకి కూలి రాదు. ఒక మధ్యాహ్నమంతా, ఒక రాత్రంతా చేసినది ఒక వేలిముద్రతో లెక్కలోంచి పోయేది. అందుకే ఆవిడ లేసు దగ్గర ఎప్పుడూ అన్నం తినలేదు, మమ్మల్ని తిననివ్వలేదు.

వాడు నా మొహం చూసి బెదిరిపోయాడు. "ఏం పర్లేదు నాన్నా, తిను" అన్నాను. అని, నా కంచం దగ్గరికి లాక్కుని నేనూ తిన్నాను. ఇది అమ్మేది కాదు. దీన్ని తిరగేసి చూసి మరక ఉందని వెనక్కి ఇచ్చేవాళ్లెవరూ లేరు. పులుసు పడటానికే దీన్ని ఇక్కడ వేశాం. పసుపు మరకకి ఎండే మందు. మూడు రోజులు ముసురు, నాలుగో రోజు ఎండ కాస్తే సబ్బు పెట్టి ఉతికి తీగ మీద వేశాను. సాయంత్రానికి మచ్చ లేత నిమ్మరంగుకి దిగింది. మిగతాది తర్వాతి ఎండకి పోతుంది.

తీగ మీద ఆరుతున్న దాన్ని పిన్ని చూసి వచ్చింది. ఒక కొస పట్టుకుని, "మూలలు పోయాయే" అని మెచ్చుకుంది. తర్వాత, ఎప్పటి నుంచో అడగాలనుకుంటున్నట్టు, "నాకొకటి చేసిత్తావా టీచరమ్మా? దేవుడి పటం కాడ ఏసుకుంతాను" అంది.

"చేస్తాను పిన్నీ. కానీ దేవుడి దగ్గర వద్దు, నీ కంచం కింద వేసుకోవాలి."

"మాకు బల్లేదీ?"

"నేల మీదే వేసుకో. కుదురు నేల మీద వేసేదే కదా."

తన వాకిలి వైపు చూస్తూ కొంచెంసేపు ఆలోచించింది. "అలాగైతే ఐదు కావాలి. పిల్లలకి లేకుండా నేనొక్కదాన్నీ ఏసుకుని కూకోలేను" అంది. ఐదు మ్యాట్లంటే పన్నెండువేల ఆరువందల కుట్లు, అంచులు కాకుండా. దీపావళికి ఇస్తానన్నాను. బదులుగా తను నాకు విస్తరి కుట్టడం నేర్పాలని, ఆకు ఎంచుకోవడం దగ్గర నుంచీ మొత్తం చెప్పాలని అడిగాను. సరేనంది. మెట్టు దిగి నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది.

"తెల్లదారం ఒద్దమ్మా. పసుపుపచ్చది తే. పులుసు పడినా కనపడదు."

శనివారం నర్సీపట్నం వెళ్లి పసుపుపచ్చ దారం ఆరు ఉండలు తెచ్చాను. మొదటిదానికి ఉంగరం వేశాను. అందులో పన్నెండు.